మునిదిబ్బ మీద మూడు గుప్పెళ్ళ బియ్యం

ఇంకొల్లు,
29-1-2001, సోమవారం.

చిరంజీవి శ్రీకృష్ణను నాయనమ్మ సుబ్బరావమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలియజేయవలెను అని ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలచేత రాయించాను. ఆ వాక్యం మరిచిపోయినవాడికి మార్కులు కోశాను. ఈవేళ దాన్ని రాయడానికి నాకే చెయ్యి రావడం లేదు. ఇక్కడ ఎవరమూ క్షేమంగా లేము. నీ క్షేమం నిన్న కళ్ళారా చూసి వచ్చాను. మెడ కింద రెండు గుంటలు, మోచేతులనిండా దోమకాట్లు. గుండు మాత్రం నీకు నప్పింది. మీ తాతగారి బట్టతల ఇంకెవరికీ రాలేదని బెంగగా ఉండేది, అది తీరింది.

వచ్చేవారం గురువారం మాఘ పౌర్ణమి. ఆ ఉదయం నువ్వు సముద్రంలో మునిగి, నీ పిండం నువ్వే పెట్టుకుని, కాషాయం కట్టి, పేరు మార్చుకుని, ఇక మాకెవరికీ ఏమీ కాకుండా పోతావు. నా చేతిలో పది రోజులున్నాయి. అవి అయ్యాక నేనెంత మంచి తెలుగులో రాసినా ప్రయోజనం లేదు.

నిన్న జరిగింది నువ్వు సగమే చూశావు. తలెత్తి ఉంటే మిగతా సగం కూడా కనబడేది. అందుకని మొదటినుంచీ రాస్తున్నాను.

మీ మఠం పెద్దస్వామి దగ్గరనుంచి కార్డు వచ్చింది. తల్లి అనుమతి లేనిదే మునిదిబ్బ మీద ఎవరికీ సన్యాసం ఇవ్వరనీ, నీకు తల్లి లేదు గనుక పెంచిన నేను వచ్చి మూడు గుప్పెళ్ళ బియ్యం భిక్ష వేయాలనీ, ఇష్టం లేకపోతే బియ్యం వెనక్కి తీసుకుపోవచ్చుననీ, అప్పుడు నువ్వు మరో ఏడాది ఆగుతావనీ రాశాడు. కోపం తెచ్చుకుందామని రెండుసార్లు చదివాను. ఒక్క అక్షరదోషమైనా దొరకలేదు. సరే, ఏడాది అంటే ఏడాదే, బియ్యం తీసుకెళ్ళి వెనక్కి తెచ్చుకుందామని బయల్దేరాను.

తెల్లారకముందే నీ పెళ్ళాం అఖిల పులిహోర కలిపింది. నాయనమ్మా, మనం వెళ్తోంది పెళ్ళికా చావుకా, నేను ఏ చీర కట్టుకోవాలి అని అడిగింది. నీకిష్టమని పసుపు చీర కట్టుకోమన్నాను. నీ కూతురు హారిక మాత్రం మేం పిక్నిక్కుకి వెళ్తున్నాం, మీరు రాకూడదు అని వీధివీధంతా చాటింది.

కొత్తపట్నం రేవులో బుడే సాహెబు పడవ ఎక్కాం. ఆయన సాయంగా నా చెయ్యి పట్టుకుని, మామ్మగారూ, ఈ మఠానికని నేను దింపిన కుర్రాళ్ళలో సగంమందిని దోమలకి తాళలేక నేనే వెనక్కి తెచ్చానండీ, మీవాడు మాత్రం గట్టోడు అన్నాడు. ఓదార్పనుకుని అన్నాడు పాపం. హారిక సముద్రం చూడటం అదే మొదలు. ఈ నీళ్ళకి మోటారు ఎవరేశారు తాతమ్మా, ఎవరూ కట్టెయ్యరేం అని అడిగింది. బోరు దగ్గర పుట్టిన పిల్ల ఇంకేమడుగుతుంది!

దిబ్బ అందంగా ఉంది, కాదనను. తెల్లటి ఇసుక, సరుగుడు చెట్లు, ఎర్ర పీతలు. ఒక పక్క చీరాల కాలేజీ పిల్లలు బనియన్లతో క్రికెట్టు ఆడుతున్నారు. రెండో పక్క మీ మఠం. మోక్షానికీ క్రికెట్టుకీ మధ్య ఒక్క వెదురు తడికే అడ్డం. ఆడవాళ్ళు ఆ తడిక దాటకూడదట, ఇసుకలోనే ఉండాలట. ఇసుకలోనే కూర్చున్నాం.

పదింటికి నువ్వు కొబ్బరిచిప్ప పట్టుకుని వచ్చి నా ఎదట నిలబడ్డావు. మౌనదీక్షట. నేను బియ్యం మూట ఒళ్ళో పెట్టుకుని నాలుగున్నర గంటలు కూర్చున్నాను. మిరపకాయ పండి కిందికి వంగుతోంది, కోతకి మనుషుల్ని పిలిచే దిక్కు లేదురా అన్నాను. మీ నాన్నకి నెలనెలా మాసికం పెట్టాల్సినవాడివి, సన్యాసివైతే ఆ అధికారం కూడా పోతుందిరా, తండ్రి కోసం చేస్తున్నానంటూ తండ్రికే నీళ్ళు లేకుండా చేస్తావా అన్నాను. తిట్టాను. బతిమాలాను. నువ్వు పీతల్ని చూస్తూ నిలబడ్డావు.

అప్పుడు అఖిల లేచింది. ఎప్పుడూ నా ముందు నీతో గట్టిగా మాట్లాడని పిల్ల. మాట్లాడకపోతే పోయారు, పౌర్ణమి తరవాత నేను ముత్తయిదువనా కాదా, బొట్టు పెట్టుకోవాలా చెరిపేసుకోవాలా, అదొక్కటి తలూపి చెప్పండి చాలు, ఇంకేమీ అడగను అంది. క్రికెట్టు పిల్లలు కూడా ఆట ఆపి చూశారు. నువ్వు చిప్పని రెండో చేతికి మార్చుకున్నావు. నేను చూశాను. తల మాత్రం ఊగలేదు.

పెద్దస్వామి వచ్చి నా పక్కన ఇసుకలోనే కూర్చున్నాడు. అమ్మా, వీడు దేవుడి కోసం రాలేదని నాకూ తెలుసు, తండ్రిని చంపానంటాడు, ఆ మంట చల్లారితే తనే లేచి ఇంటికి పోతాడనుకున్నాను, చల్లారలేదు, ఇక నేనేం చెయ్యను అన్నాడు. మంచివాడే. నాకు అదే కష్టమైంది.

మీ నాన్న పోయిన రోజు పత్తికి మందు కొట్టాల్సింది నువ్వు. చీరాలలో కొత్త సినిమా అని పొద్దున్నే బస్సెక్కావు. మీ నాన్న స్ప్రేయరు తనే వీపున వేసుకున్నాడు. ఎండెక్కేసరికి చేను గట్టున పడిపోయాడు. ఒంగోలు తీసుకెళ్ళేలోగా పోయాడు. మందు ఒంట్లోకి వెళ్ళిందని డాక్టరు చెప్పాడు. కొడుకు సినిమాకి, తండ్రి చేలోకి అని ఊళ్ళో వాళ్ళు శవం దగ్గరే అన్నారు. నువ్వు విన్నావు. కర్మ అయ్యేదాకా అన్నం ముట్టలేదు, అయ్యాక ఇల్లే ముట్టలేదు. నీ తప్పు లేదురా అని నిన్న నీకు పదిసార్లు చెప్పాను. ఎందుకు లేదో చెప్పనివాళ్ళ మాట ఎవరు నమ్ముతారు?

రెండున్నరకి బుడే సాహెబు కేకేశాడు. పోటు దిగిపోతోందండీ, రేవు మొగ దగ్గర పడవ ఇసకలో పడితే రేపటిదాకా ఇక్కడే, గబగబా రండి అన్నాడు. నేను పెద్దస్వామితో బియ్యం వెనక్కి తీసుకెళ్తున్నానని చెప్పేశాను. ఆయన సరేనన్నాడు. అంతా నేననుకున్నట్టే అయింది. లేవబోతే మోకాళ్ళు రాలేదు. మూట ఇసుకలో పెట్టి, అఖిల భుజం పట్టుకుని లేచాను.

ఆ కాస్తలో హారిక మూట విప్పింది. ఒక గుప్పెడు, రెండు గుప్పెళ్ళు, మూడు గుప్పెళ్ళు, పైకి లెక్కపెడుతూ నీ చిప్పలో పోసింది. పొద్దుటినుంచీ మూడు, మూడు అని మేం అనుకోవడం విన్నది కదా. పోసి, తొందరగా తినేసి రా నాన్నా, పడవ వెళ్ళిపోతుంది అంది.

చెల్లదు, పసిపిల్ల, దానికేం తెలుసు అని నేను అరిచాను. పెద్దస్వామి కళ్ళు మూసుకున్నాడు. మీ ఇంటి బియ్యం, మీ ఇంటి ఆడపిల్ల చెయ్యి, నేను కాదనలేనమ్మా, ఇప్పుడు కాదనాల్సింది వాడొక్కడే అన్నాడు. నువ్వు ఆ చిప్ప కళ్ళకద్దుకుని తడిక లోపలికి నడిచిపోయావు.

ఆ తరవాత జరిగింది ఇది. పడవలో నీ కూతురు తన పక్కన చెయ్యి పరిచి, ఇది నాన్న చోటు, ఎవరూ కూర్చోకండి అంది. బుడే సాహెబు మోటారు తిప్పాడు. దిబ్బ కనబడకుండా పోయేదాకా అది చెయ్యి తియ్యలేదు.

అఖిల నిన్నటి చీర ఇంకా విప్పలేదు. అన్నం తినలేదు. పాపని ఒక్క మాట అనలేదు. నన్ను కూడా అనలేదు. అంటే బాగుండేది. వసారాలో గోడకానుకుని అద్దం చేతిలో పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్లని చూస్తే నాకు భయంగా ఉంది కృష్ణా. మన ఊళ్ళో, ఈ కాలంలో, పురుగుమందు లేని ఇల్లు లేదు. అన్ని డబ్బాలూ నా గదిలో పెట్టి తాళం వేసుకున్నాను. ఎన్నాళ్ళు కాపలా కాయగలను? నాకు డెబ్బై నాలుగేళ్ళు.

కాదనాల్సింది నువ్వొక్కడివే. వచ్చెయ్యి.

ఇట్లు,
నిన్ను ఎనిమిదో ఏటినుంచీ పెంచిన
సుబ్బరావమ్మ.

తా.క.: రాసిందంతా మళ్ళీ చదువుకున్నాను. నిన్న ఇసుకలో చేసిన పనే ఉత్తరంలోనూ చేశాను. అన్నీ చెప్పి అసలుది మింగాను.

ఆ రోజు మీ నాన్నకి మజ్జిగ పోసిచ్చింది నేను. ఎప్పుడూ పోసే క్యాను మూత కనబడలేదు. పత్తి మందు అయిపోయిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి, బొక్క పెట్టి పారెయ్యి నాయనమ్మా అని నువ్వు అంతకు వారం ముందు చెప్పినది, నేను పారెయ్యలేదు. గట్టి డబ్బా, మంచి మూత. బూడిదతో తోమి, చింతపండు వేసి కడిగి దాచుకున్నాను. అందులో పోశాను.

పెద్దకర్మ అయిన మర్నాడు ఎందుకో దాన్లో నీళ్ళు పోసి ఊపాను. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. పట్టుకునే పిడి లోపల బోలు. మందు అందులో నిలిచిపోయింది. మందు నీళ్ళలో పడితే తెల్లబడుతుందని నీకు నేను చెప్పాలా? మజ్జిగలో ఆ తెలుపు ఎవరికి కనబడుతుంది? మీ నాన్న ఇరవై ఏళ్ళు మందు కొట్టాడు, ఒక్కనాడూ పడిపోలేదు.

నువ్వు సినిమాకి పోకుండా చేలోకి వెళ్ళి ఉంటే, ఆ మజ్జిగ నువ్వు తాగేవాడివి.

నాలుగు నెలలు ఈ మాట నా నోట్లో పెట్టుకుని, నిన్ను ఆ దిబ్బ మీద ఉండనిచ్చాను. కొడుకుని చంపిన తల్లి అనిపించుకోవడం కన్నా మనవణ్ణి సన్యాసుల్లో కలపడం తేలికనిపించింది. చదువుకున్నదాన్ని.

ఈ ఉత్తరం అంటించడం లేదు. అఖిల చేతికిస్తున్నాను. ముందు తనే చదువుతుంది, రేపు తనే తెస్తుంది. మీ పెద్దస్వామి చదివినా చదవనీ. నువ్వు కూర్చున్న చోటు నాదిరా, లే. ఇంటికొచ్చి ఏమన్నా పడతాను. ఏమీ అనకుండా మాత్రం ఉండకు.