అరుగుకి సలేటి?

పుష్యమాసం, మంగళవారం రాత్రి. మనవరాలు పార్వతి రాస్తంది, మాటలు నావి.

సలికి దగ్గొస్తాది, లోపల పడుకోమని నా కొడుకు సింహాద్రి ఒకటే పోరు. వీధరుగు మీద నా మంచం నానొదల్ను. లోపలికెల్తే దారంట పోయే మనిషి పలకరింపుండదు.

ఇయాల విజయనగరం నుంచి రెండు కరెంటు హీటర్లు తెచ్చాడు, ఒకటి ఉంచుకుందారని. పెద్దది వేడిగాలి ఊదుతాది. సిన్నదానికి ఎర్రగా కాలే కడ్డీ, ఎనక మెరిసే రేకు.

"సిన్నది అరుగంతకీ ఏటి సరిపోతాదే అమ్మా?" అన్నాడు.

"అరుగుకి సలేట్రా? సలి నాకు!"

గడ్డకట్టిన కొబ్బరినూని రెండు గిన్నెల్లో ఏసి, మంచం తలకాడొకటి, కాళ్ళకాడొకటి పెట్టించినాను. పెద్దదాని వేడంతా సముద్రపు గాలి పట్టుకుపోనాది, నూని కదల్లేదు. సిన్నది తలవైపు ఎదురుగా పెడితే పొద్దుటెండ తగిలినట్టు తలకాడి నూని కరిగింది. కాళ్ళకాడిది కరగలేదు. "అయితే సిన్నవే రెండు. పెద్దది తిరిగిచ్చెయ్" అన్నాను.

దుప్పటి జారి దానిమీద పడితేనో? ఆ గుబులొకటుంది. దూరంగానే పెట్టమన్నాను గాని...

ఇందాక సింహాద్రే వచ్చి, "అమ్మా, కాస్త జరుగే" అని నా మంచమ్మీద కూకుని సేతులు కాసుకున్నాడు.

జరిగినాను. లోపలికి మాత్రం కాదు.