వెనక చక్రాల కింద ఐస్ ఉండదా?

కిల్కెన్నీ, జనవరి, గురువారం రాత్రి

ఇది అన్యాయం, చేసింది నాన్న. ఎస్‌యూవీకి ఐస్ మీద పట్టు దొరికే వింటర్ టైర్లు నాలుగూ వేయించమంటే ముందువైపు రెండే మార్పించి తెచ్చారు. ఇలా ముందువైపే ఉంటే, ఐస్ మీద బ్రేకు వేసినప్పుడు బండి వెనక భాగం పక్కకు తిరిగిపోతుందని టైర్ల షాపు కరపత్రం చూపించాను.

"ఫోర్ వీల్ డ్రైవ్ రా, నాలుగు చక్రాలూ లాగుతాయి! గ్రాండ్‌గా పోతుంది. కాగితాలు చదివి నాకు డ్రైవింగ్ నేర్పుతావా?"

"పోవడం కాదు నాన్నా, ఆగడం!"

సోమవారం చీకటితోనే ఆ బండిలో హాస్పిటల్ డ్యూటీకి వెళ్ళేది అమ్మ. ఆవిడేమో, "అరవకండి, మెల్లగా పోతాలే" అంది. ఒళ్ళు మండిపోయింది. అమ్మ ప్రాణానికి సగం భద్రత చాలని ఎవరు తేల్చారు?

ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను: శనివారం ఉదయం తొమ్మిదింటికి అందరూ కారు దగ్గరికి రావాలి, టైర్ల షాపుకు పోదాం. అప్పటిదాకా కారు తాళం నా దగ్గరే.