లైను ఇచ్చాక

నిదానం గారికి,

ఆ పేరు డిపోలో మీ తోటి డ్రైవర్లు పెట్టిందే గానీ నేను పెట్టింది కాదు. 'ఏమండీ' అని మొదలుపెడదామంటే చెయ్యి ఆగిపోతోంది, అందుకని దాన్ని అరువు తెచ్చుకున్నాను. మీ ఉత్తరం అందింది. ఏడాది దాటాక రాసిన ఉత్తరం, అందులో ఉన్నవి మూడు ముక్కలు. అంతా సర్దుకుంది కదా, మన డిపోకి మళ్ళీ బదిలీకి పెట్టుకోనా, నువ్వు ఊ అంటేనే అని.

జవాబు రాద్దామని కూర్చునేసరికి వరదొచ్చి పడింది. వంతెన పక్క కట్ట కోసుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. నిన్న పొద్దున కట్ట పోసి, ఇక బండ్లు నడపొచ్చని లైను ఇచ్చారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు, నా చావు అక్కణ్ణుంచే మొదలైంది. డ్రైవర్లకీ గార్డులకీ డ్యూటీలు వేసేదాన్ని నేనే కదా, టికెట్ల కిటికీలో జవాబు దొరకని జనాన్నంతా నా గది మీదికి తోలేస్తున్నారు. ఒక టీచరమ్మ గొడుగుతో నా బల్ల మీద కొట్టి మరీ అడిగింది, "లైను బాగైందన్నారుగా, మరి బండేదీ?"

ఆవిణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. వరద వచ్చినప్పుడు ఏ బండి ఎక్కడుంటే అక్కడే ఆగిపోయిందమ్మా. ఇక్కడ కావలసిన పెట్టెలు అవతల పేరుకున్నాయి, అక్కడ కావలసినవి ఇక్కడ ఊరికే పడున్నాయి. పెట్టెలున్న చోట డ్రైవరు లేడు. డ్రైవరున్న చోట, ఆగిన బండిలో గంటల తరబడి కూర్చుని డస్సిపోయి ఉన్నాడు. నిద్రపోకుండా మళ్ళీ ఎక్కిస్తే రూలూ ఒప్పుకోదు, లోపలున్న వాళ్ళ ప్రాణాలూ ఒప్పుకోవు. తొందరపడి ఒకటి పంపామా, ముందు స్టేషన్లో ఖాళీ లేక అది దారి మధ్యలో నిలబడి వెనకవాటిని కూడా ఆపేస్తుంది. నిన్న సాయంత్రం రావలసిన బండే ఇవాళ పొద్దున్న వెనక్కి వెళ్ళాలి, అది రాందే ఇది లేదు. అంతా విని ఆవిడ, అయితే విరిగింది అతికించడమే తేలికన్నమాట, అని గొణుక్కుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

ముక్కూ మొహం తెలియని ఆవిడకి చెప్పినంత ఓపిగ్గా మీకు ఎప్పుడూ చెప్పలేదు నేను. బిడ్డ పురిట్లో పోయాక నా ఒళ్ళు తొందరగానే కుదుటపడింది. బాగున్నావని డాక్టరన్నాడు, అత్తయ్య అన్నారు, మీరూ అన్నారు. వారం తిరక్కుండా సంచీ సర్దుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా పక్కన కూర్చుని ఏడ్చి ఉంటే మీ కాళ్ళు పట్టుకుని ఉండేదాన్ని. మీ కంట తడి లేదు. నాకు మాట పోయింది, మీరు బదిలీ పెట్టుకుని ఊరు మారారు.

ఇప్పుడెలా ఉన్నానంటారా, ఉన్న రెండు కుర్చీల్లోనూ నేనే మార్చి మార్చి కూర్చుంటున్నాను, రెండూ సమానంగా అరుగుతాయని. వంటింటి కుళాయి కారుతున్నా బాగు చేయించలేదు. ఆ చప్పుడు కూడా పోతే ఇంట్లో ఇంకేం ఉంటుంది?

కాబట్టి, ఏదీ సర్దుకోలేదండీ. బదిలీకి పెట్టుకోవద్దు. కోపంతో రాయడం లేదు. కోపమే ఉంటే బాగుండేది, అదైనా తోడుండేది. ఈ ఉత్తరం మీ ఊరి వైపు వెళ్ళే గార్డు చేతికి ఇస్తున్నాను, మీ గదిలో పడేస్తాడు.

ఇట్లు,
మీ భార్య

* * *

ఏమండీ,

మీరు లోపల పడుకున్నారు. నేను మళ్ళీ డ్యూటీకి వెళ్ళాలి. లేచి వెతుక్కుంటారని ఇది రాసి బల్ల మీద పెడుతున్నాను.

అసలు జరిగిందేమిటంటే, నిన్న దారి మధ్యలో ఉన్న స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. అక్కడ చిక్కుకుపోయిన డ్రైవర్లు నిద్ర లేచారట. ఎవరి డిపోకి వాళ్ళు చేరితే గానీ డ్యూటీలు కుదరవు కనక, మీవాళ్ళెవరో చెబితే మొదటి బండెక్కించేస్తానన్నాడు అక్కడి స్టేషన్ మాస్టరు. ఇంకో చెవిలో ఇంకో ఫోను. డ్రైవర్లని అందరూ పిలిచే పేర్లే ఒక్కొక్కటీ చదివాడు. 'బక్కాయన' అన్నాడు, మనవాడే అన్నాను. 'పాటలాయన' అన్నాడు, మనవాడే అన్నాను. 'నిదానం గారు' అన్నాడు, మనాయనే, పంపెయ్ అన్నాను. మీరిప్పుడు మన డిపో మనిషి కాదని ఫోను పెట్టేశాక కూడా నాకు తట్టలేదు. ఈ పొద్దున మీరు సంచీతో ప్లాట్‌ఫారం మీద దిగితే అప్పుడు తట్టింది.

మా ఆఫీసరు నన్ను పిలిచి దులిపేశాడు. మీరు అక్కడ లేక మీ డిపోలో ఒక బండి రద్దయింది, దాని వెనక ఇంకోటి. వేరే డిపో మనిషిని మనవాడని ఎలా అన్నావు అని అడిగాడు. అన్నాను, అంతే.

ఆ మంట మీ మీద చూపించాను. తెలిసీ ఎందుకెక్కారు, నోరు లేదా అని జనంలోనే కసిరాను. మీరు సంచీ కింద పెట్టి అన్నారు, "నువ్వే నా పేరు చెప్పావన్నారు. మళ్ళీ అడిగితే కాదంటావేమోనని మాట్లాడకుండా ఎక్కేశాను."

తర్వాత మీరన్న మాట ఇది. "పాపని నేను ఎత్తుకున్నాను. నీకు స్పృహ లేదు. అచ్చం నీ పోలికే. నీ మొహంలోకి చూస్తే అదే కనపడేది, అందుకే పారిపోయాను." అంటూ ఏడ్చారు. అందరూ చూస్తున్నారు. నేను కొంగు అడ్డం పెట్టి మిమ్మల్ని ఇంటికి తీసుకొచ్చాను. పోలిక ఉందని నాకెవరూ చెప్పలేదండీ. ఎవరూ చెప్పలేదు.

నా ఉత్తరం ఈపాటికి అక్కడ మీ గది తలుపు కింద పడి ఉంటుంది. రావద్దని రాశాను. అందులో అబద్ధం లేదు, ఇంకా ఏదీ సర్దుకోలేదు. కానీ సర్దుకున్నాకే రమ్మంటే ఈ జన్మకి కుదరదు. రేపటి బండికి మీరు వెళ్ళక తప్పదు, వెళ్ళగానే బదిలీకి పెట్టుకోండి. నేను ఊ అంటున్నాను.

ఈ సాయంత్రం మాత్రం నేనొచ్చేదాకా ఎక్కడికీ కదలకండి. పాప నుదురు ఎలా ఉంది, జుట్టు ఉందా, వేళ్ళు పొడుగా పొట్టా, చెవులు ఎవరివి, అన్నీ నాకు చెప్పాలి మీరు.

ఇట్లు,
పాప అమ్మ