డెల్మర్ తవ్వుకున్న గుంత

మోయాబ్, యూటా
అక్టోబర్ 5, 1971, మంగళవారం

నా ఈడిత్ అక్కకి,

నేను టీచరుద్యోగం వదిలేసి టీవీ బందిపోట్ల వెంట పడ్డానని నాన్న ఇంకా సణుగుతున్నాడని రాశావు. సణగనీ. ఇక్కడి ఎర్ర కొండల ముందు నిలబడితే నా డిగ్రీ జేబురుమాలంత అనిపిస్తోంది.

నా పని కంటిన్యూటీ. బందిపోటు ఒక షాట్‌లో ఎడమ చేత్తో కప్పు పట్టుకుంటే, తర్వాతి షాట్‌లోనూ ఆ చేతిలోనే ఉందా అని చూడడం, పుస్తకంలో రాయడం. చూడడానికే నాకు జీతం. ఆ చూపే ఇప్పుడు నా మెడకి చుట్టుకుంది.

డెల్మర్ టగ్గల్ అని అరవై మూడేళ్ల ముసలాయన ఉన్నాడు. నటుడికి బదులు గుర్రంతో సహా కింద పడడం ఆయన వృత్తి. ఈ వారం తీస్తున్న సీరియల్ భాగంలో ముసలి బందిపోటు కొండవాలు మీద దౌడు తీస్తూ, తుపాకీ దెబ్బ తిని కూలిపోవాలి. అందుకోసం రెండు మంచాలంత నేల తవ్వి, రాళ్లు ఏరి, ఇసుక నింపి, కెమెరాకి తెలియకుండా పైన ఎర్రమట్టి చల్లుతారు. గుర్రం అందులోనే పడాలి. గజం అటూ ఇటూ అయితే బండరాయే. ఆ గుంతని పడేవాడే తవ్వుకుంటాడు, ఇంకొకరిని పార ముట్టనివ్వడు. అది వాళ్ల కట్టుబాటు.

రెండు రోజులుగా డెల్మర్ మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతున్నాడు. రాళ్లని చూసి ఏరడం లేదక్కా, తడిమి ఏరుతున్నాడు. కాఫీ పోసుకునేటప్పుడు కప్పులో వేలు పెట్టుకుంటాడు. నేను ఎదురుగా నిలబడినా పలకరించడు. నోరు విప్పితే మాత్రం "ఏం కాలేజీ, మళ్లీ మా తప్పులు రాసుకోడానికొచ్చావా?" అంటాడు, నా చదువుని బట్టి పెట్టిన పేరది. మిగతావాళ్లు ముసలితనం అనుకుంటున్నారు. నాకు తెలిసిపోయింది, ఆయనకి చూపు పోతోంది.

చెబితే ఆయన్ని గుర్రం ఎక్కనివ్వరు, ఇక ఎప్పటికీ. చెప్పకపోతే గురువారం ఆయన బండ మీద పడొచ్చు. నువ్వు నర్సువి, నువ్వైతే చెబుతావు. రేపు పొద్దున్నే డైరెక్టర్ రెస్నిక్ గారికి చెప్పేస్తాను. ఇది రాస్తుంటే దొంగతనం చేసినట్టుంది.

నీ మార్లా


మోయాబ్
అక్టోబర్ 8, శుక్రవారం

అక్కా,

చెప్పలేదు.

ముందు ఆయనకే చెప్పడం మర్యాద అనిపించింది. గుంత దగ్గరికి వెళ్లి, "డెల్మర్ గారూ, మీకు కనబడడం లేదు," అన్నాను.

ఆయన పార ఆపలేదు. "పక్కలు కాస్త కనబడతాయి. ఎదురుగా ఉన్నదే కనబడదు. ఇప్పుడు నీ మొహమే ఉంది. అదృష్టవంతుణ్ని."

"హాస్యం కాదు. రెస్నిక్ గారికి చెప్పబోతున్నాను."

"చెప్పు. ముందు కళ్లు మూసుకుని నాతో నడువు. ఆ తర్వాత నీ ఇష్టం, కాలేజీ."

మూసుకున్నాను. నా మోచెయ్యి పట్టుకుని వాలు మీదికి తీసుకెళ్లి, అక్కడి నుంచి కిందికి నడిపించాడు. ముందు బూట్ల కింద గులకరాళ్లు కరకరలాడాయి. తర్వాత చప్పుడు చెయ్యని నున్నటి బండ. ఉన్నట్టుండి ఎడమ చెంపకి చల్లగాలి తగిలింది. "రెండు కొండల మధ్య సందు ఇది. ఇక్కడి నుంచి గుంతకి మా గుర్రం డచెస్‌కి తొమ్మిది దూకులు," అన్నాడు. ఇంకొంత దూరం పోయాక తడిసిన మట్టి వాసన వచ్చింది. "నీకే తెలిసినప్పుడు, గుర్రానికి తెలియదంటావా?" కళ్లు తెరిచాను. నా బూటు మొన గుంత అంచు మీద ఉంది. చూడడానికి జీతం తీసుకుంటున్న నేను, వారం రోజులుగా ఆ కొండని అసలు ఎరగనే ఎరగను.

"ఒక్కసారే పడండి, అప్పటిదాకా చెప్పను," అన్నాను.

"ఒక్కసారికే తవ్వాను. పడ్డాక అంచులు చెదిరిపోతాయి. రెండోసారి ఎక్కడ పడతానో నాకూ తెలియదు."

నిన్న కెమెరా తిరగగానే వాలు మీద డచెస్ కనిపించింది. గాలి సందు దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు. ఎనిమిది. తొమ్మిదో దూకులో ఆయన కళ్లేన్ని వేలెడంత లాగాడు, అంతే. అంత పెద్ద ఆడగుర్రం మెడ తిప్పి, భుజం వంచి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు తనని తానే నేల మీద వాల్చేసుకుంది. ఆయన చేతులు రెండూ ఆకాశంలోకి లేచి, ఎర్ర దుమ్ములో మునిగిపోయాయి. దుమ్ములోంచి ముందు డచెస్ లేచి ఒళ్లు దులుపుకుంది. తర్వాత ఆయన లేచాడు. నేను చర్చిలో కూడా ఎప్పుడూ అలా తల దించుకోలేదక్కా.

"మార్లా, అన్నీ కలిశాయా?" అని రెస్నిక్ గారు అరిచారు.

అప్పుడు చూశాను డెల్మర్ చేతుల్ని. నల్ల తొడుగులు. సోమవారం నటుడితో తీసిన షాట్‌లో బందిపోటువి తేనెరంగువి. ముసలాయన తడిమి తొడుక్కున్నాడు, వేళ్లకి రంగు తెలియదు కదా. షాట్‌కి ముందే చూసి ఆపాల్సింది నేను. నా కళ్లేమో గుంత మీదున్నాయి. కలవలేదంటే ఆయన మళ్లీ గుర్రం ఎక్కాలి.

"కలిశాయి," అన్నాను. పుస్తకంలోనూ అదే రాశాను.

జీను విప్పుతున్నప్పుడు డెల్మర్ దగ్గరికెళ్లాను. "ఏం తప్పింది?" అన్నాడు. "ఎలా తెలిసింది?" అన్నాను. "కలిశాయి అనే ముందు ఒక ఊపిరి ఎక్కువ పీల్చావులే," అన్నాడు. తొడుగుల సంగతి చెప్పాను. నవ్వి నవ్వి దగ్గాడు.

"దీనికి నీ ఉద్యోగం ఊడుతుంది, కాలేజీ."

"తెలుసు."

నవ్వు ఆపేశాడు. డచెస్ పగ్గం నా చేతికిచ్చి, చెయ్యి ముందుకు చాపుకుంటూ రెస్నిక్ గారి బండి వైపు నడిచాడు. కళ్ల సంగతి తనే చెప్పేశాడు. ఈ ఉదయం డచెస్‌ని ట్రక్కెక్కించుకుని, మేనల్లుడు నడుపుతుంటే ఇంటికి వెళ్లిపోయాడు.

జనవరిలో ఈ భాగం మీ టీవీలో వస్తుంది. తేనెరంగు తొడుగులతో కొండెక్కిన బందిపోటు నల్ల తొడుగులతో కూలిపోతాడు. నాన్న ఇలాంటివి ఇట్టే పట్టేస్తాడు, ఎవరో ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చెయ్యలేదంటాడు. అది నేనేనని చెప్పు. తిట్టడం అయ్యాక, ఆ చేతులు ఎలా లేచాయో ఒక్కసారి తలుచుకోమను.

నీ చెల్లెలు,
మార్లా