గెలవదని అన్నది నేనే

అమ్మకు, నీ చిన్నమ్మాయి నమస్కారాలు.

ముందు ఒక ప్రశ్న. ఇరవై ఏళ్ళ పైనుంచి మోస్తున్నది. ఆ రోజు ఊళ్ళో మన ఇంటి వరండాలో నేను నోరు మూసుకుని ఉంటే నువ్వు నిలబడేదానివా? ఫోనులో ఎన్నోసార్లు అడగబోయాను. నువ్వేమో "ఇంతకీ ఏం వండావు?" అంటావు, మాట అటు వెళ్ళిపోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నీ మోకాలు ఎలా ఉంది? భవానీపురం ఇంట్లో లిఫ్టు బాగు చేశారా? అన్నయ్య ఆటోనగర్ షాపు నుంచి మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడా, పునుగులతోనే కానిచ్చేస్తున్నాడా? వదిన పంపిన కందిపొడి దాచుకుని దాచుకుని తిన్నాను, అయినా అయిపోయింది.

మేం బాగానే ఉన్నాం, బెంగపడకు. న్యూ హాంప్‌షైర్‌కి మారి మూడు నెలలైంది. బయట మంచు మోకాళ్ళదాకా ఉంది. కాలేజీ లైబ్రరీలో పని నచ్చింది. మీ అల్లుడు వారంలో నాలుగు రోజులు బోస్టన్‌లోనే. మొదటి నెల మాట్లాడే మనిషి లేక రేడియో పెట్టుకుని దానికే జవాబులు చెప్పేదాన్ని. ఇప్పుడు అలా లేదు, నిజంగా బాగున్నాను. ఇంకా చెప్పాలంటే కాలు నిలవడం లేదు. ఎందుకో విను.

ఇక్కడ దేశాధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున ఎవరు పోటీ చేయాలో ముందు మామూలు జనమే ఓటేసి తేలుస్తారు. ఆ ఓటు ముందుగా పడే రాష్ట్రాల్లో మాది ఒకటి. అసలు ఎన్నికలకి ఇంకా రెండేళ్ళుంది. అయినా పోటీ చేద్దామనుకునేవాళ్ళు అప్పుడే వచ్చి, మాలాంటి వాళ్ళ సోఫాల్లో కూర్చుని, కాఫీ తాగి, చెప్పింది విని పోతున్నారు. నమ్ముతావా అమ్మా? మన దగ్గరైతే జాబితా వచ్చేదాకా టీవీ ముందు కూర్చోవడమేగా! పోయినేడు పౌరసత్వ ప్రమాణం చేశాను కదా, ఇక్కడ నేను వేయబోయే మొదటి ఓటు ఇదే.

పక్కింటి మార్గరెట్ గారు నర్సుగా రిటైరయింది. డెబ్బై దాటినా నీలాగే నిమిషం కూర్చోదు. పోయిన ఆదివారం పన్నెండు మందిని పోగేసింది, ఎవరైతే బాగుంటుందో మాట్లాడుకుందామని. నేను పులిహోరతో పాటు ఒక కాగితం పట్టుకెళ్ళాను. గళ్ళు గీసి పెట్టాను: సెనేటరు ఒకాయన, మేయరు ఒకాయన, గవర్నరు ఒకావిడ (ఇక్కడ గవర్నరంటే జనం ఎన్నుకున్న మనిషి, మన ముఖ్యమంత్రి లెక్క). ఎవరిది ఏ ప్రాంతం, వెనక ఏ వర్గం, ఎవరి ఓట్లు ఎవరు చీలుస్తారు, పైవాళ్ళ మొగ్గు ఎటు. చల్లపల్లి బస్టాండు టీకొట్టు దగ్గర ఆ రోజుల్లో నాన్నగారు వేసే లెక్కలే అనుకో.

"ఇంతకీ టికెట్ ఎవరికి ఇస్తారంటారు?" అని అడిగాను.

"ఎవరో ఇచ్చేదేమిటమ్మాయ్? ఇచ్చేది మనమేగా!" అంది మార్గరెట్ గారు. వాళ్ళ మాట ఇంగ్లీషే, నాకు మాత్రం నీ గొంతుతో వినబడింది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ చేతుల మీద రోమాలు లేచాయి.

ఆ గవర్నరావిడ ఒకప్పుడు వరదొచ్చిన ఊళ్ళో చెట్టు కింద బల్ల వేసుకుని జనానికి నష్టపరిహారం దరఖాస్తులు రాసిపెట్టిందట. అది విన్నప్పటి నుంచి ఆవిడ మాటలన్నీ వెతికి వింటున్నాను. నా వంతు వచ్చింది. "అందరిలోకీ ఆవిడే మంచిది. కానీ గెలవదు" అన్నాను.

"నీకు కావాలా, వద్దా? అది చెప్పు. గెలుస్తుందా అని నేను అడగలేదు. ఆ కబుర్లకి టీవీలో బోలెడు మంది ఉన్నారు" అంది పెద్దావిడ.

పులిహోర పళ్ళెం పక్కన పెట్టేశానమ్మా. 'మంచిదే, కానీ గెలవదు' అన్న మాట నేను ఇంతకుముందు కూడా అన్నాను.

మన మండలాధ్యక్ష పదవి మహిళకి వచ్చిన ఏడు. పార్టీ వాళ్ళు నలుగురొచ్చి, "మీరు ఎంపీటీసీగా నిలబడండమ్మా, గెలిచాక అధ్యక్షురాలు మీరే, బీ-ఫారం మేం ఇప్పిస్తాం" అన్నారు. పింఛన్ల నుంచి కాలవ నీళ్ళ దాకా ఊళ్ళో ఆడవాళ్ళ అర్జీలన్నీ నీ చేతిరాతే కదా. నువ్వు కొంగు వేలికి చుట్టుకుంటూ "నేనా?" అన్నావు. ఆ మాటలో భయం లేదు, సంతోషం ఉంది. నేను చూశాను. చూసి కూడా, ఎమ్మే పొలిటికల్ సైన్సు పొగరుతో ఓట్లన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి, "అమ్మ మంచిదేగానీ గెలవదులెండి" అన్నాను. నువ్వు లోపలికెళ్ళి కాఫీలు కలిపి తెచ్చి, "అమ్మాయి చదువుకుంది, దానికి తెలుస్తుంది. వేరేవాళ్ళని చూసుకోండి" అన్నావు. బీ-ఫారం రైసుమిల్లు వాళ్ళావిడకి వెళ్ళింది. ఆవిడ గెలిచింది. ఐదేళ్ళూ ఆ కుర్చీలో వాళ్ళాయన కూర్చున్నాడు.

ఇప్పుడు సంగతి ఏమిటంటే, వచ్చే శనివారం ఆ గవర్నరావిడ మార్గరెట్ గారింటికి వస్తోంది. "నువ్వే పరిచయం చెయ్యి, రెండు నిమిషాలు. కానీ చేశావంటే ఆవిడ మనిషివే, మళ్ళీ అటూ ఇటూ ఊగకూడదు" అంది పెద్దావిడ. గురువారానికల్లా చెప్పాలట. అద్దం ముందు నాలుగుసార్లు మాట్లాడి చూసుకున్నాను, నవ్వకు. ఏ చీర కట్టాలో కూడా తీసిపెట్టాను. మీ అల్లుడేమో "రేపు పార్టీ ఓడిపోతే ఆవిడ మంచితనం ఏం చేసుకుంటాం?" అంటారు. ఆయన అన్నదీ తప్పని అనలేను.

కందిపొడితో పాటు నీ పాత అర్జీల నోటుపుస్తకం పంపించు. అటక మీద ఉంటుంది, అన్నయ్యని ఎక్కమను, నువ్వు ఎక్కకు. పెద్దనాన్నగారికి, పెద్దమ్మకి నా నమస్కారాలు. వదినని అడిగానని చెప్పు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని ఈ కాగితం మడుస్తున్నాను.

ఇది నీకు చేరేసరికి గురువారం దాటిపోతుంది. నీ జవాబు రాకముందే నేను మార్గరెట్ గారికి ఏదో ఒకటి చెప్పేసి ఉంటాను. ఏం చెబుతానో తెలియదు. గెలవదనిపించిన మనిషిని నిలబడమనాలో, ఆపాలో, ఆ రోజు వరండాలోనూ నాకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడాను. ఇవాళ కూడా తెలియడం లేదమ్మా.

నీ
పద్మ