నా చేతుల్లో ఆగిన రక్తం

అమ్మా, నేను కులాసా, బెంగ పెట్టుకోకు.

నిన్న గర్భం పోయి రక్తం ఆగని ఒకామె మా ట్రైనింగు వార్డుకు వచ్చింది. తనే గర్భం తీయించుకుందని అనుకుంటామేమోనని, వస్తూనే "నన్ను తిట్టకండి" అంది. మాకు నేర్పే పెద్ద నర్సు ఆమె చెయ్యి పట్టుకుని, "ఇక్కడెవరూ తిట్టరు తల్లీ" అని, నావైపు తిరిగి "నువ్వే చెయ్యి" అంది. నొప్పికి మందిచ్చి, కరెంటు కూడా అక్కర్లేని పెద్ద సిరంజితో లోపల మిగిలిపోయినదంతా లాగేసి గర్భసంచి శుభ్రం చేశాను. పది నిమిషాల్లో రక్తం ఆగిపోయిందమ్మా! సాయంత్రం ఆమె లేచి నడుస్తుంటే అలాగే చూస్తూ నిలబడ్డాను.

నా పాపకు దగ్గు తగ్గిందా? నా తెల్లకోటు ఇంకొకటి పంపించు.

పిన్ని పోయిందీ ఇలాగే, గర్భం పోయి రక్తం ఆగకనే కదా. ఇంత చిన్న పని తెలిసినవాళ్లు అప్పుడు ఒక్కరూ లేకపోయారు. ఇకమీదట మన ఊళ్లో నేనుంటాను. నాన్నకు నమస్కారాలు, పాపకు ముద్దులు.

నీ పెద్దమ్మాయి