మందులో ముంచిన నిచ్చెన

మహర్నవమి, 1976
జహనుమా, హైదరాబాదు

వీధి దీపాల విభాగం స్టోర్సు అధికారి గారి సముఖమునకు, రిటైర్డు జవాను గుండయ్య చేతులు జోడించి పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా పెద్ద కుమారుడు కీ.శే. ఎల్లప్ప ఎక్కి పడిపోయిన నిచ్చెననే నా చిన్న కుమారుడు అంజన్‌కు ఇచ్చుట గురించి.

నేను బతుకంతా ఒక కచేరీలో ఫైళ్ళు మోసినవాడిని. ఏ కాగితాన్ని అధికారులు చదువుతారో, ఏ కాగితం మీద చాయ్ కప్పు పెడతారో నాకు తెలుసు. అందుచేత నా గోడును నంబర్లు వేసి మనవి చేసుకుంటున్నాను.

1. నిరుడు దసరా వెళ్ళాక స్టోర్సులో చెదలు పట్టినందున, తమరి ఉత్తర్వు మేరకు కర్ర నిచ్చెనలన్నిటినీ వేడి మందు తొట్టిలో నానబెట్టి, త్వరగా ఆరాలని భట్టీలో పెట్టించారు. ఇక చెద పట్టదు, నిప్పు అంటుకోదు అని గోడకు నోటీసు కూడా అంటించారు. ఆ నోటీసులో అబద్ధమేమీ లేదు. నిచ్చెనలకు నేటివరకు చెద పట్టలేదు.

2. వానాకాలంలో ఒక మధ్యాహ్నం మా జహనుమా గల్లీలోనే, స్తంభం మీది బల్బు మార్చడానికి ఎల్లప్ప ఆ నిచ్చెన ఎక్కాడు. పైమెట్టు తడిగా ఉండి కాలు కొద్దిగా జారింది. వాడు తమాయించుకొని దాని కిందనున్న మెట్టు మీద కాలు మోపాడు. ఆ మోపుడుకే మెట్టు విరిగింది. వాడు షాబాదు బండల మీద పడ్డాడు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి, కాని నన్ను చూడలేదు. విరిగిన ముక్క పక్కనే ఉంది. కర్ర విరిగితే ఈనెలు లేస్తాయి, చీలికలు వేలాడతాయి. ఇది లేత బెండకాయను విరిచినట్టు నున్నగా విరిగింది.

3. విచారణ జరిగింది. ఆ ఒక్క మెట్టు కొత్తది వేయించి, నిచ్చెన మీద ఇసుక బస్తాలు ఒకటొకటిగా, పదిలంగా పెట్టించారు. నిచ్చెన కిక్కురుమనలేదు. "నిచ్చెన దృఢముగా నున్నది. పనివాని తొందరపాటే కారణము" అని తీర్మానించారు. అయ్యా, ఎల్లప్పకు తొందరపాటా! వాడు పుట్టడమే ఆలస్యంగా పుట్టాడు. వాడు అన్నం తిని లేచేలోపు మేము ఒక కునుకు తీసేవాళ్ళం. నిచ్చెన ఎక్కుతుంటే, కొత్తకోడలు గడప దాటుతున్నట్టుందని గల్లీవాళ్ళు నవ్వేవారు. వాడికి ఏ నిందైనా అంటేది గాని ఈ నింద అంటదు. దీన్ని చదివినప్పుడు నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఏడుపు తరువాత వచ్చింది, ఇంకా పోలేదు.

4. తమరి శాఖలోనే ఉన్న ఒక చిన్న ఇంజనీరు గారిని కారణం అడిగాను. పేరు రాయనని మాట ఇచ్చాను గనుక రాయను. ఆయన నన్ను హోటల్‌లో ఓ మూలకు కూర్చోబెట్టి, అటూ ఇటూ చూసి చెప్పారు: "బాపూ, మందు మంచిదే. గని అంత వేడి మందుల నానవెట్టి, మల్ల భట్టిల ఎండవెట్టిరి. కర్రల ఉండే సాగుడు గుణం పోయింది. మెల్లగ బరువు వెడితే మోస్తది. ఒక్కసారి దెబ్బ తగిల్తె ఇరుగుతది. ఇసుక బస్తాలు మెల్లగ వెట్టిరి గద, మనిషి గట్ల ఎక్కుతడా?"

"గీ మాట కాగితం మీద రాసియ్యి బిడ్డా" అన్నాను.

"నాకు పిల్లలున్నరు బాపూ" అన్నారాయన.

"నాకు గుడ ఇద్దరుండె" అన్నాను. ఆయన తల దించుకున్నారు. చాయ్ తాగకుండానే లేచి వెళ్ళిపోయారు.

5. శాఖవారు దయతలచి అన్న ఉద్యోగం తమ్ముడికి ఇచ్చారు. అందుకు సదా కృతజ్ఞుడిని. కాని తమరి రివాజులో సామాను మనిషికి కాదు, పోస్టుకు ఇస్తారు. కాబట్టి అన్న పోస్టుతో పాటు అన్న బెల్టు, అన్న సంచీ, ఒక మెట్టు మార్చిన అన్న నిచ్చెన అంజన్‌కు ముట్టాయి. వేరేది ఇప్పించమని స్టోర్ కీపరు వైకుంఠం గారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "గది టెస్టుల పాసైన నిచ్చెన భాయ్, ఫికర్ ఎందుకు? టెస్టు కాని దాన్ని ఇయ్యమంటవా ఏంది?" అన్నారు.

6. దసరాకు పనిముట్లు ఇంటికి తెచ్చి పూజ చేసుకోవడం తమరికి తెలిసిన ఆచారమే. ఆ ప్రకారం నిచ్చెన నిన్న మా ఇంటికి వచ్చింది. చావు జరిగి ఏడాది తిరగని ఇల్లు, పండుగ చేయరాదని నా భార్య నీలమ్మతో అన్నాను. "పండుగ మనకు లేదు, నిచ్చెనకున్నది. మొక్కకపోతె చిన్నోన్ని గుడ మింగుతది" అన్నది. కొబ్బరికాయను రాతికి కాకుండా నిచ్చెన మొదటి మెట్టుకే కొట్టాలని, ఆ నీళ్ళు కర్ర మీద పడాలని స్తంభాలెక్కే మా లైనువాళ్ళ ఇళ్ళలో ఆనవాయితీ. నిరుడు, ఇంకా మందులో ముంచక ముందు, నీలమ్మ ఇదే నిచ్చెనకు కాయ కొడితే ఒక్క దెబ్బకు రెండు చెక్కలైంది. ఎల్లప్ప ఆ నీళ్ళు దోసిట పట్టి తాగాడు. ఇప్పుడు ఆమె దానికే పసుపు రాస్తున్నది. నేను చూడలేక లోపల కూర్చుని ఈ అర్జీ రాస్తున్నాను.

కావున తమరు దయతో

(అ) ఆ నిచ్చెన వెనక్కి తీసుకొని, అంజన్‌కు మందు ముట్టని నిచ్చెన ఇప్పించవలెనని,

(ఆ) మందులో ముంచిన మిగతా నిచ్చెనలను బరువు పెట్టి కాక, బరువు జారవిడిచి పరీక్షించవలెనని,

(ఇ) విచారణ కాగితంలో తొందరపాటు అన్న మాట కొట్టివేయించవలెనని

ప్రార్థన. నష్టపరిహారం అడగడం లేదు. మిగిలిన ఒక్కడిని నాకు ఉంచమని అడుగుతున్నాను.

ముసలివాడి చేతిరాతను మన్నించి, ఈ మొరను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గుండయ్య

తా.క.: కాగితం మడిచేలోపు బయట చప్పుడైంది. లేచి వెళ్ళాను. నీలమ్మ కాయ కొట్టింది. కాయ పగలలేదు, మెట్టు విరిగింది. కొడుకు పోయినప్పటి నుంచి సరిగా అన్నం తినని మనిషి, ఆమె చేతిలో ఏపాటి బలముంటుంది? అంజన్ హారతి పళ్ళెం పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. మెట్టు ముక్కను ఒళ్ళో పెట్టుకొని నీలమ్మ, "గింత దెబ్బకేనా? నా బిడ్డ పాదం గీ కాయకన్న మెత్తగుండె గద" అని అడుగుతున్నది. నన్నే అడుగుతున్నది. నేను బతుకంతా సర్కారు కొలువు చేశాను గనుక నాకు తెలుస్తుందనుకుంటున్నది.

విన్నపం (అ) ఇక అవసరం లేదు. ఆ నిచ్చెన స్టోర్సుకు తిరిగి రాదు, పొయ్యిలో పెడతాను. మీ నోటీసు ప్రకారం అది అంటుకోకపోతే గుంత తీసి పాతిపెడతాను. పండుగ సెలవు కాగానే అంజన్ ఉత్త చేతులతో డ్యూటీకి వస్తాడు. వాడి చేతికి పగలని ఈ కొబ్బరికాయ ఇచ్చి పంపుతున్నాను. మీరు వాడికి ఏ నిచ్చెన ఇవ్వాలనుకుంటారో, దాని మొదటి మెట్టుకు ఈ కాయను మీ చేత్తో కొట్టండి. కాయ పగిలితే నా కొడుకును ఎక్కించండి.